మా అన్నయ్య అంబాసిడర్‌తో మైపాడు దాకా

ఏలూరు

మా కుటుంబంలో ఆ కారును కారు అని పిలిచేది నేనూ అన్నయ్యా ఇద్దరమే. వదిన "ఆ వస్తువు" అంటుంది. పిల్లలు "డబ్బా" అంటారు. వీధిలోవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి "మీ పాతది" అని ఊరుకుంటారు.

మా శేషగిరి అన్నయ్యకు అరవై దాటాయి. ఏలూరులో సిమెంటు కొట్టు నడిపి, మోకాళ్ళు మొరాయించాక అమ్మేశాడు. కొట్టు ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే పదిమంది ఆయన కోసం గుమ్మం దగ్గర కాచుకుని ఉండేవారు. అమ్మేశాక ఆయన కోసం కాచుకున్నది ఈ అంబాసిడర్ ఒక్కటే. ఎవరో డాక్టరుగారి షెడ్డులో పావురాల రెట్టల కింద పడి ఉన్నదాన్ని కొని, ఇంటికి తోయించుకొచ్చి, రెండేళ్ళపాటు దాని చుట్టూ తిరిగాడు. మొదట దానికి ఏ రంగు ఉండేదో తెలుసుకోవడానికి లోపలెక్కడో గీకి, ఆ పెచ్చును కాగితంలో మడిచి పెట్టుకుని బెజవాడ రంగుల కొట్లన్నీ తిరిగాడు. చివరికి మీగడ రంగు అని తేలింది. నేను ఇంట్లో కుట్టు క్లాసులు చెబుతాను కాబట్టి సీటు కవర్లు నా వంతు. మూడుసార్లు విప్పించి మళ్ళీ కుట్టించాడు.

నెల్లూరు దగ్గర మైపాడులో, సముద్రం ఒడ్డున పాతకార్ల ప్రదర్శన ఉందనీ, అన్నిటికన్నా మేలైన కారుకు కప్పు ఇస్తారనీ వాట్సాప్‌లో చూసిన రోజు అన్నయ్య అన్నం సరిగ్గా తినలేదు. మర్నాడు పార్కులో పొద్దున నడిచేవాళ్ళందరికీ చెప్పేశాడు, వస్తే కప్పుతోనే వస్తానని. వదినను రమ్మంటే, "బస్సులో అయితే వస్తా. ఆ వస్తువులో రాను," అంది. అందుకని తోడుగా నేను బయలుదేరాను.

టోల్‌గేట్ల మధ్య

అన్నయ్య కారులో ప్రయాణం చేసేవాళ్ళు కొన్ని నియమాలు పాటించాలి. సీటు మీద తుండుగుడ్డ పరుచుకుని కూర్చోవాలి. లోపల ఏమీ తినకూడదు. తలుపు మనం వెయ్యకూడదు, ఆయనే దిగివచ్చి వేస్తాడు. అద్దం మనం దించకూడదు. యాభై దాటి పోనివ్వడు కాబట్టి, మమ్మల్ని దాటిపోయిన ట్రాక్టర్లు కూడా ఉన్నాయి.

టోల్‌గేట్ల దగ్గర కొత్త చిక్కు వచ్చింది. ఫాస్టాగ్ బిళ్ళను అద్దానికి అతికించాలి గదా. అతికిస్తే జిగురు మరక పడుతుందని అన్నయ్య దాన్ని అట్టముక్క మీద అంటించి నా చేతికిచ్చాడు. గేటు వచ్చినప్పుడల్లా నేను హారతిపళ్ళెం పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులతో అద్దం దగ్గర ఎత్తి పట్టుకోవాలి. ఒంగోలు దగ్గర గేటుకు నా హారతి నచ్చలేదు. కాస్త పైకి పట్టాను, కిందికి పట్టాను, పక్కకు తిప్పాను. వెనక లారీల హారన్లు మోగిపోతున్నాయి. యూనిఫారంలో ఉన్న ఒకమ్మాయి విసురుగా వచ్చింది, కారును చూసి నెమ్మదించింది.

"మా అమ్మ పెళ్ళిలో ఊరేగింపుకి ఇదే కారు సార్. ఫోటో ఉంది మా ఇంట్లో," అంది.

"ఇదే కాదమ్మా, ఇట్లాంటిది," అన్నాడు అన్నయ్య. కానీ ముఖం విప్పారింది.

ఆ అమ్మాయి నా చేతిలోంచి అట్టముక్క తీసుకుని, యంత్రం దగ్గరకు తనే నడిచి వెళ్ళి చూపించి, గేటు ఎత్తించింది.

దారి పొడుగునా ఇదే వరస. ఆగిన ప్రతిచోటా ఎవరో ఒకరు వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి, గేదెను నిమిరినట్టు నిమిరి, తమ కథ చెప్పేవారు. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన, "దీంట్లో పదకొండు మందిమి తిరపతి పోయినాం సార్, గుండుతో తిరిగొచ్చినాం," అన్నాడు. పదకొండు మంది అనగానే అన్నయ్య తన సీట్ల వైపు భయంగా చూశాడు. ప్రతి కథ చివరా ఒకటే ప్రశ్న: "ఎంతకిస్తారు?" అన్నయ్య వాళ్ళవైపు, పసిపిల్లను ఎత్తుకున్నవాణ్ణి పట్టుకుని ఎంతకిస్తారని అడిగినట్టు చూసేవాడు.

బోగోలు

కావలి దాటాక బోగోలులో మాకు బస. అక్కడ పెంచలయ్య అని, రొయ్యల చెరువులకు మేత అమ్మే వ్యాపారి ఉన్నాడు. అన్నయ్యకు ఫోన్ స్నేహితుడు. రెండేళ్ళుగా ఇద్దరూ రోజూ కార్బురేటర్ల గురించి మాట్లాడుకుంటున్నారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది లేదు. గొంతును బట్టి పెంచలయ్య ఆరడుగుల మనిషని మేమనుకున్నాం. ఆయన అన్నయ్య భుజం దాకా వచ్చాడు.

"రాండన్నా, రాండి. ఏందన్నా, ఫోటోల్లో కన్నా తెల్లంగుండాది బండి," అంటూ ముందు కారును పలకరించి, తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచాడు.

ఆయనకూ పాత జీపు ఉంది. ప్రదర్శనకు ఎందుకు తేవడం లేదో షెడ్డులోకి వెళ్ళాక తెలిసింది. డ్రైవరు సీటులో కోడి పొదుగుతోంది. వెనక సీటులో ఇంకోటి.

"గుడ్లు పిల్లలయ్యేదాకా జీపు తియ్యబాక అనింది మా ఆడమనిషి," అన్నాడు పెంచలయ్య దిగులుగా.

ఆయన భార్య రత్నమ్మ నాతో వంటింట్లో చెప్పింది: "అమ్మమంటే అమ్మడక్కా. నడపమంటే నడవదు. కోళ్ళన్నా సుఖపడనీలే అని ఒదిలేసినా. మీ అన్న కూడా ఇంతేనా?"

"మా అన్నయ్య కోళ్ళను కూడా తుండుగుడ్డ మీదే కూర్చోబెడతాడు," అన్నాను.

రాత్రి భోజనంలో చేపల పులుసు. మా గోదావరి వైపు పులుసు పొయ్యి మీంచి తిన్నగా కంచంలోకి దూకుతుంది. ఇక్కడ అలా కాదు. రత్నమ్మ పొద్దున్నే వండి, మామిడికాయ ముక్కలు వేసి, మట్టిదాకలో మూత పెట్టి ఉంచింది. "ఇప్పుడు పర్వాలేదు. రేపు తింటే ఇంకా బాగుంటది," అంటూనే వడ్డించింది. ఆ పులుపూ కారమూ కలిసి నాలుక మీద ఒక పద్ధతిగా నడిచాయి. మొలగొలుకుల బియ్యం అన్నం. అన్నయ్య మూడోసారి కలుపుకుంటుంటే, ఈయన పోటీ సంగతి మరిచిపోయాడేమోనని ఆశపడ్డాను. చెయ్యి కడుక్కుంటూ, "వాళ్ళు టైర్లు కూడా చూస్తారంటావా?" అని పెంచలయ్యను అడిగాడు.

నెల్లూరు

మర్నాడు పెంచలయ్య కూడా మాతో బయలుదేరాడు, వెనక సీటులో, తుండుగుడ్డ మీద. నెల్లూరులో కారం దోసె తినకుండా వెళ్ళేవాడు పాపాత్ముడని ఆయన అభిప్రాయం. దోసె మీద ఎర్రకారం పూసి, దాని మీద పప్పులపొడి చల్లి ఇచ్చారు. ధర నలభై రూపాయలు. కళ్ళ నీళ్ళు ఉచితం. మా వైపు చట్నీ పక్కన పెడతారు, ఇష్టమైతే అద్దుకోవచ్చు. ఇక్కడ మనకు ఎంచుకునే హక్కు లేదు.

ఇంకో తేడా గమనించాను. మా ఏలూరులో ప్రతి మాట చివరా "అండి" తగిలించి మర్యాద చేస్తారు. ఇక్కడ "అన్నా", "అక్కా" అని చుట్టరికం కలిపేస్తారు. అండీ అన్నవాణ్ణి నమ్మకపోయినా ఫర్వాలేదు గానీ, అక్కా అన్నవాడి పని చెయ్యకుండా తప్పించుకోలేం. ఇది నాకు ఆ రోజే అనుభవమైంది.

ప్రదర్శన పెట్టిన ప్రసన్న అనే కుర్రవాడికి ఫ్లెక్సీల దుకాణం ఉంది. కారు పేరు నమోదు చేయించడానికి వెళ్తే, అతను తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరైన నెల్లూరు డాక్టరుగారి కూతురికి పురుటినొప్పులు మొదలై ఆయన మద్రాసు వెళ్ళిపోయారట. మిగిలింది ప్రసన్న, డ్రైవింగ్ స్కూలు నడిపే బాషాగారు అనే పెద్దమనిషి.

"ఊళ్ళో ఎవర్నన్నా పెడదామంటే అందరికీ ఎవరో ఒకరు సుట్టం. బయటి మనిషి గావాల," అంటూ ప్రసన్న తలెత్తి నన్ను చూశాడు. "అక్కా, మీరేం చేస్తుంటారు?"

"కుట్టు నేర్పుతాను బాబూ."

"సీటు కవర్లు కుట్టినారా ఎప్పుడన్నా?"

"మా అన్నయ్యవి కుట్టాను."

"అయితే సాలు. ఇంటీరియర్ మీరు సూడండి."

నాకు కార్ల గురించి తెలియదన్నాను, మా అన్నయ్య కారు పోటీలో ఉందన్నాను. దేనికీ అతను చలించలేదు. "మీ అన్న కారుకి మీరు మార్కులు ఎయ్యబాకండక్కా. మేమిద్దరం సూసుకుంటాం. అంతేగదా?" అని, ఫోన్ తీసి, నేను జుట్టు సర్దుకునే లోపలే ఫోటో కొట్టాడు.

గంటలో ఫ్లెక్సీ యంత్రంలోంచి నేను మెల్లమెల్లగా బయటికి వచ్చాను. ముందు నుదురు, తర్వాత కళ్ళజోడు, తర్వాత కారం దోసె మరక ఉన్న చీర. కింద "ప్రముఖ కారు ఇంటీరియర్ నిపుణురాలు" అని ఉంది. కప్పులు మాత్రం ఆటవస్తువుల కొట్టులో కొన్నవి. కారు బొమ్మ ఉన్నవి దొరకలేదట. మొదటి బహుమతి మీద బ్యాటు ఎత్తిన క్రికెటర్, రెండో బహుమతి మీద బంతి విసిరే క్రికెటర్.

అన్నయ్య, "నా కారుకు నువ్వు మార్కులు వెయ్యకపోవడమే న్యాయం మణీ," అని గంభీరంగా అన్నాడు. కానీ లాడ్జికి వెళ్ళే దారంతా ఈల వేస్తూనే ఉన్నాడు.

మైపాడు, పొద్దున

మైపాడులో పడవలు అప్పుడే ఒడ్డుకు వచ్చాయి. వలల్లోంచి చేపలు విదిలిస్తున్నవాళ్ళు, బుట్టలతో ఆడవాళ్ళు, బేరాలు. ఏలూరులో మాకు చెరువు చేపే చేప. ఇక్కడ సముద్రపు చేపను మా సగం ధరకు ఇస్తుంటే కొనలేకపోవడం ఒక శిక్ష. అన్నయ్య కారులోకి పచ్చిచేప వెళ్ళడం ఊహించలేని సంగతి.

ఒడ్డు మీద సరుగుడు చెట్ల పక్కన కార్లన్నీ వరసగా నిలబెట్టారు. అన్నయ్య కొత్త చొక్కా తొడుక్కుని, మెత్తటి గుడ్డతో దీపాలు తుడుస్తున్నాడు. ఉప్పుగాలి తుడిచినచోటే మళ్ళీ మసక వేస్తోంది. ఆయన మళ్ళీ తుడుస్తున్నాడు. ఆ పోటీ సాయంత్రం దాకా సాగేలా ఉంది.

బాషాగారు ఇంజన్లు వింటూ ముందు నడిచారు. వెనక నేను. నన్ను చూడగానే ప్రతి యజమానీ గేరుబాక్సు దగ్గరనుంచి మొదలుపెట్టి పాఠం చెప్పబోయేవాడు. నాకు అర్థం కాని విషయాలకు తల ఊపి ఊపి మెడ నొప్పి పుట్టింది. ఇలా కాదని, నాకు తోచిన ప్రశ్న ఒకటి అందరినీ అడగడం మొదలుపెట్టాను.

"ఈ కారులో కిందటిసారి ఎవరిని ఎక్కించుకున్నారు?"

దీనికి ఎవరూ సిద్ధపడి రాలేదు. ఎర్రకారు యజమాని చాలాసేపు ఆలోచించి, "మా ఆవిడను. గూడూరు నుంచి టోల్‌గేట్ దాకా. అక్కడ దిగి ఆటో ఎక్కేసింది," అన్నాడు. పెళ్ళిళ్ళకు కారు అద్దెకిచ్చే ఒకాయన, "పెళ్ళికొడుకుని మేడం. సోకుగా ఎక్కినాడు, ఏడుస్తా దిగినాడు. తలుపులో ఏలు పడింది," అన్నాడు. అలవాటు కొద్దీ అన్నయ్యనూ అడిగాను.

"నిన్నే," అన్నాడు ఆయన చిరాగ్గా. "అక్కడ నిలబడు, నీ నీడ బానెట్ మీద పడుతోంది."

చివర్లో ఒక చిన్న నీలం కారు. నెల్లూరులో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన స్టాన్లీగారిది. అందులో వెనక సీటు నిండా ముగ్గురు ముసలమ్మలు కూర్చుని ఉన్నారు. అందరూ తెల్లచీరల్లో, ఒళ్ళో సంచులతో.

"కాస్త దిగండి పెద్దమ్మా, సీటు చూడాలి," అన్నాను.

"సీటుండాదమ్మా. లేకపోతే మేం యాడ కూచుంటాం?" అంది కిటికీ వైపు ఉన్న ఎస్తేరమ్మ. "ఎండగుండాది. దిగం."

స్టాన్లీ మాస్టారు నొచ్చుకుంటూ నిలబడ్డారు. సముద్రం చూపిస్తానని తీసుకొచ్చానండీ, కారులోంచే చూస్తామంటున్నారు అని చెప్పారు. నా ప్రశ్న అడిగితే ఆయన వెనక సీటు వైపు చూపించారు. అక్కణ్ణుంచి ముగ్గురూ ఒకేసారి అందుకున్నారు. ఆదివారం ఆదివారం గుడికి తీసుకుపోయేది ఈ కారే. కంటి ఆపరేషనుకు ఈ కారే. పక్కనున్న మేరీ మనవరాలు ఈ కారులోనే పుట్టబోయింది.

"పుట్టిందా?" అన్నాను.

"పుట్టలా. పుట్టబోయింది. ఆసుపత్రి గేటు కాడ మాస్టారు ఆరన్ కొట్టినాడు, అదిరిపోయి ఆగింది," అంది ఎస్తేరమ్మ.

నేను వాళ్ళను కొంచెం కొంచెం జరిపి సీటు చూశాను. రెక్సిన్ ఎప్పుడో చిరిగింది. చిరిగినచోటల్లా చీర ముక్కలతో మాసికలు. కుట్టు నేర్పేదాన్ని కాబట్టి చూడగానే తెలిసింది, అవి ఒక చేతి కుట్లు కావు. ఒకరిది దగ్గర దగ్గర కుట్టు, ఒకరిది చూపు ఆనని వంకర కుట్టు, ఒకరు ఆకుపచ్చ ముక్క అంచును లోపలికి మడిచి, దారం కనబడకుండా కుట్టారు. ఎక్కినవాళ్ళే ఎవరి చోటు వాళ్ళు బాగుచేసుకున్నారన్నమాట. దాన్ని చూస్తూ మార్కులు వెయ్యాల్సిన కాగితం సంగతి మరిచిపోయాను.

మైపాడు, మధ్యాహ్నం

మార్కులు కూడితే అన్నయ్య కారూ, మాస్టారి కారూ సమానంగా వచ్చాయి. బాషాగారు, ప్రసన్న ఇద్దరూ నావైపు తిరిగారు.

"మీరే తేల్చాలక్కా."

"మా అన్నయ్య కారుకు నేను మార్కులు వెయ్యకూడదన్నావు గదా?"

"మార్కులు ఎయ్యబాకండి. పేరు చెప్పండి, సాలు."

దూరంగా అన్నయ్య తల దువ్వుకుంటున్నాడు. దువ్వుకుని, నేను చూస్తున్నానని చూసి, ఏమీ ఎరగనట్టు టైరు వైపు తిరిగాడు. ఆ కారు కోసం ఆయన పడ్డ పాట్లన్నీ చూసినదాన్ని నేనే. పెచ్చు పట్టుకుని తిరిగిన రోజులు, మోకాళ్ళ నొప్పితో కారు కిందికి దూరి బయటికి రాలేక నన్ను కేకేసిన రోజులు. ఒక్క పేరు పలికితే ఆయన ఏడాదిపాటు పార్కులో తలెత్తుకు నడుస్తాడు. కానీ కంటి ముందు ఆ మాసికలే కనిపిస్తున్నాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అన్నయ్య కారులో సీటు కవర్లు నా చేతివి. ఆయనకిస్తే నాకు నేనే బహుమతి ఇచ్చుకున్నట్టు.

"స్టాన్లీ మాస్టారు," అన్నాను.

మైకులో పేరు చదవగానే నీలం కారులోంచి చప్పట్లు మోగాయి. మాస్టారు బ్యాట్స్‌మన్ కప్పును గుండెలకు ఆనించుకుని, ఎటు దిగాలో తెలియక వేదిక మీద అటూ ఇటూ తిరిగారు. రెండో బహుమతి ఏలూరు శేషగిరిగారు అని మూడుసార్లు పిలిచారు. అన్నయ్య కదల్లేదు. ఇచ్చేదీ నేనే, ఆయన తరఫున పుచ్చుకోవాల్సిందీ నేనే కాబట్టి, బౌలర్ కప్పును నా కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి ఇచ్చుకున్నాను. ప్రసన్న దానికి కూడా ఫోటో తీశాడు.

దిగి వచ్చేసరికి అన్నయ్య స్టీరింగు ముందున్నాడు. "పెంచలయ్యా, జడ్జిగారు వస్తే ఎక్కమను. భోజనం లేదు, ఏమీ లేదు. పోతున్నాం," అన్నాడు.

"అన్నా, ఎనక ఇసక, ముందుకి తిప్పు," అని పెంచలయ్య అంటూనే ఉన్నాడు. కోపంలో ఉన్న మనిషి వెనక్కే తిప్పాడు. కారు ఠీవిగా పదడుగులు వెనక్కి వెళ్ళి, వెనక చక్రాలు సగం దాకా ఇసుకలో దిగబడి, ఆగింది. ఆయన ఇంకా గట్టిగా తొక్కాడు. ఇంకా దిగింది. మీగడ రంగు మీదంతా ఇసుక వాన.

ఇందాకటి దాకా ఆయన ఎవరి నీడా పడనివ్వని కారు మీద ఇప్పుడు పాతిక చేతులు పడ్డాయి. ఎర్రకారాయన, పెళ్ళిళ్ళ కారాయన, బాషాగారు, వలలు వదిలి వచ్చిన జాలర్లు. నీలం కారు అద్దంలోంచి ఎస్తేరమ్మ చెయ్యి ఊపుతూ, "ఎడం పక్క నెట్టండయ్యా. ఎడం పక్కంటే అది గాదు," అని నడిపించింది. కదల్లేదు. చివరికి పడవలు లాగే ట్రాక్టరు తెచ్చి, పడవ తాడే కట్టి, పడవను లాగినట్టే లాగారు. అంతసేపూ అన్నయ్య లోపల స్టీరింగు పట్టుకుని తిన్నగా ముందుకు చూస్తూ, ఫోటోకు కూర్చున్నవాడిలా కూర్చున్నాడు.

అందరూ చెమటలు తుడుచుకున్నాక భోజనం చెయ్యకుండా వెళ్ళడం కుదిరే పని కాదు. అన్నయ్య తిన్నాడు. నాకు ఎదురుగా కూర్చుని, "పెంచలయ్యా, జడ్జిగారికి పెరుగు కావాలేమో అడుగు," అన్నాడు. రొయ్యల వేపుడు మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు.

తిరుగుదారి

మేం బయలుదేరబోతుంటే నీలం కారు దగ్గర గొడవ వినిపించింది. మొదటి బహుమతి కారు స్టార్టు కావడం లేదు. మాస్టారు తాళం తిప్పుతున్నారు, అది దగ్గి ఊరుకుంటోంది. డ్యాష్‌బోర్డు మీద బ్యాట్స్‌మన్ వణుకుతున్నాడు.

అన్నయ్య ముఖంలో మెల్లగా, దాచుకోవాలని ఎంత ప్రయత్నించినా దాగని వెలుగు వచ్చింది. వెళ్ళి బానెట్ ఎత్తాడు. పెంచలయ్య కూడా దూరాడు. కాసేపు ఇద్దరూ ఏవేవో పీకి, ఊది, పెట్టారు. చివరికి అన్నయ్య చేతులు తుడుచుకుంటూ, దీనికి సామాను తేవాలి, ఇవాళ కాదన్నాడు. ఎంత ఓదార్పుగా చెప్పాడంటే, మాస్టారికి కాదు గానీ నాకు, నిజంగానే బాగుకాదా అని అనుమానం వచ్చింది.

"పర్వాలేదండీ, నేనుంటాను," అన్నారు మాస్టారు. తర్వాత బెరుగ్గా, "వీళ్ళను మాత్రం నెల్లూరు దాకా…" అని ఆగిపోయారు.

పెంచలయ్య మాస్టారికి తోడుగా ఉండిపోతానన్నాడు. అన్నయ్య డిక్కీలోంచి తుండుగుడ్డలు తీసి వచ్చేలోపల ముగ్గురు ముసలమ్మలూ ఎక్కి, సర్దుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఒళ్ళో సంచులు. ఆ సంచుల్లో ఏముందో ముక్కుకు ముందే తెలిసింది. పొద్దున కొన్న చేపలు.

అన్నయ్య గుడ్డలు పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. వాళ్ళ వయసు చూశాడు. గుడ్డలు మళ్ళీ డిక్కీలో పెట్టేశాడు.

దారిలో ఆయన, "అమ్మా, ముందు కూర్చున్న జడ్జిగారిని కాళ్ళు కొంచెం పక్కకు పెట్టుకోమనండి," అన్నాడు ఎస్తేరమ్మతో.

"ఆ యమ్మ నీ చెల్లెలంట గదయ్యా."

"ఆఁ."

"సొంత చెల్లెలా?"

"సొంత చెల్లెలే."

ఎస్తేరమ్మ ముందుకు వంగింది. "నేనైతే మా అన్నకే ఇచ్చుకుందును. పాపమైనా సరే," అంది. అన్నయ్య దగ్గినట్టు నవ్వాడు, నవ్వినట్టు దగ్గాడు. ఆమె సీటు తట్టి చూసుకుంది. "మెత్తగుండాది. మాస్టారి బండిలో నడుం పట్టేస్తది. ఆయనకు చెప్పబాకయ్యా, మంచోడు, బాధపడతాడు."

"చెప్పనమ్మా," అన్నాడు అన్నయ్య, చాలా మర్యాదగా. కొంచెం సేపయ్యాక తనే అడిగాడు, గాలి కావాలా, అద్దం దించుకోండి అని. దించుకున్నారు. ఈ కారు ఏ డాక్టరుగారిది, పావురాలు ఎన్ని గూళ్ళు పెట్టాయి, రంగు పెచ్చు కథ, అన్నీ చెప్పాడు. రెండేళ్ళలో ఆ కథ మొత్తం విన్నవాళ్ళు వాళ్ళే. మధ్యలో ఎస్తేరమ్మ నిద్రపోయింది. నూనె రాసిన తల అద్దానికి ఆనించి, గుండ్రటి మరక చేసింది. అద్దంలో ఆ మరకను అన్నయ్య చూడడం నేను చూశాను. కారు ఆపలేదు. గుంతలు వచ్చినచోట ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడు.

వాళ్ళను నెల్లూరులో ఇళ్ళ దగ్గర దింపి, మేం మళ్ళీ పెద్ద రోడ్డెక్కాం. కావలి వచ్చింది, వెళ్ళింది. వెనక సీటులో చేపల నీళ్ళు కారినచోట ఈగ ఒకటి తిరుగుతోంది. ఒంగోలు బోర్డు కనిపించేసరికి అన్నయ్య రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"ఆ మాసికల్లో ఆకుపచ్చది ఉంది చూడు. దారం ఎక్కడా కనబడలేదు. ఎవరు కుట్టారో గానీ బాగా కుట్టారు."

అంటే, ఎప్పుడో, నేను చూడనప్పుడు, ఆయన కూడా వెళ్ళి ఆ సీటు చూసి వచ్చాడన్నమాట.

"అవును," అన్నాను. ఆయన నా వైపు అద్దం కూడా దించుకోమన్నాడు.

ఏలూరు చేరేసరికి వదిన గుమ్మంలోనే ఉంది. కారు తలుపు తియ్యగానే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇదేం వాసన? సరే గానీ, మొదటి కప్పు వచ్చిందా?"

అన్నయ్య నడుం పట్టుకుని దిగాడు. నావైపు ఒకసారి చూశాడు.

"ఎట్లా వస్తుంది?" అన్నాడు. "జడ్జి అమ్ముడుపోయే మనిషి కాదు."